ఒకే పాఠానికి మూడు జీతాలు



యూనివర్సిటీలో ప్రొఫెసర్‌కు జీతమెంత ఉంటుందని అడిగితే మన వైపు ఠక్కున వచ్చే జవాబు, లక్షల్లో ఉంటుందని. ఆ మాట నిజమే. అయితే అది ఎవరి జీతం, అంత అందుకునేవాళ్లు ఒక్కో యూనివర్సిటీలో ఎంతమంది మిగిలారు, వాళ్ల పక్క గదిలో అదే సిలబస్ చెబుతున్న మరొకరికి ఎంత ముడుతోంది అని ఆరా తీస్తే కథ వేరేగా ఉంటుంది. రెండు తెలుగు రాష్ట్రాల విశ్వవిద్యాలయాల్లో ఒక అధ్యాపకుడి సంపాదనను తేల్చే విషయాల్లో చదువు, అనుభవం, చెప్పే సబ్జెక్టు అన్నీ వెనకే ఉంటాయి. అన్నిటికన్నా ముందుండేది చేతిలోని నియామక ఉత్తర్వు ఏ రకానిదన్నది. రెగ్యులరా, కాంట్రాక్టా, గెస్టా? స్కేళ్లు పెరుగుతూ వచ్చిన ఈ కాలంలోనే ఆ స్కేళ్లు అందుకునేవారు తగ్గిపోతూ వచ్చారు. ఈ రెండింటికీ సంబంధం ఉందని, ఒకటి రెండోదానికి కొంతవరకు కారణమని నా అభిప్రాయం. అదెలాగో ఈ ప్రసంగంలో వివరిస్తాను.

ముందు రెగ్యులర్ జీతం సంగతి. ఇప్పుడు నడుస్తున్నవి ఏడో వేతన సంఘం తరువాత వచ్చిన యూనివర్సిటీ గ్రాంట్స్ కమిషన్ (యూజీసీ) స్కేళ్లు. కేంద్రం 2017 నవంబరు 2న ఉత్తర్వు ఇచ్చి, 2016 జనవరి 1 నుంచి వర్తింపజేసింది. కొత్తగా చేరే అసిస్టెంట్ ప్రొఫెసర్ మూల వేతనం 57,700 రూపాయలు. అసోసియేట్ ప్రొఫెసర్‌కు 1,31,400. ప్రొఫెసర్‌కు 1,44,200. సీనియర్ ప్రొఫెసర్‌కు 1,82,200. ఏటా మూడు శాతం ఇంక్రిమెంటు. అసిస్టెంట్ ప్రొఫెసర్‌గా ఉన్నంతకాలం 57,700, 68,900, 79,800 అని మూడు మెట్లు ఎక్కాలి. ఆ తరువాతి మెట్టు ఏకంగా 1,31,400. కాబట్టి అసోసియేట్ ప్రొఫెసర్ అయిన రోజున మూల వేతనమే దాదాపు నలభై వేలు పెరుగుతుంది. పీహెచ్‌డీతో చేరినవారికి నాలుగేళ్లు, అయిదేళ్లు, మూడేళ్లు, మొత్తం పన్నెండేళ్లు పనిచేస్తే అక్కడికి చేరే అర్హత వస్తుంది. మరో మూడేళ్లకు ప్రొఫెసర్. ఇది కాగితం మీది లెక్క. ప్రమోషన్ల కోసం కమిటీ వేయాలి, బయటి నిపుణులను పిలవాలి, పాలక మండలి ఆమోదించాలి. వైస్ చాన్సలర్ కుర్చీ ఖాళీగా ఉన్న నెలల్లో ఈ ఫైళ్లు కదలవు. తరువాత ఎప్పుడో పాత తేదీ నుంచి వర్తింపజేసినా, ఆ బకాయిలు చేతికి అందడం మరో పోరాటం.

అంకెలు దగ్గరగా చూస్తేనే తేడాలు తెలుస్తాయి కనుక ఒక పే స్లిప్ తీసుకుందాం. హైదరాబాద్‌లోని ఒక కేంద్రీయ విశ్వవిద్యాలయంలో కొత్తగా చేరిన అసిస్టెంట్ ప్రొఫెసర్‌ది, 2025 తొలి ఆరు నెలల కాలానిది. మూల వేతనం 57,700. కరువు భత్యం (డీఏ) అప్పుడు 55 శాతం, అంటే 31,735. ఇంటి అద్దె భత్యం 30 శాతం, 17,310. రవాణా భత్యం 7,200, దానిమీద డీఏ కలిపి 11,160. మొత్తం 1,17,905 రూపాయలు. ఇందులోంచి మూల వేతనం, డీఏల మొత్తంలో పది శాతం పెన్షన్ ఖాతాకు, ఆపైన ఆదాయపు పన్నుకు పోతుంది. ఇదే లెక్కన అదే క్యాంపస్‌లో ఆ నెలే ప్రొఫెసర్ అయిన వ్యక్తికి 2,77,930 వస్తుంది. ఉస్మానియాలోనో, ఆంధ్రా యూనివర్సిటీలోనో, తిరుపతిలోని వేంకటేశ్వర విశ్వవిద్యాలయంలోనో అయితే మూల వేతనం ఇంతే, కానీ డీఏ, ఇంటి అద్దె రాష్ట్ర ప్రభుత్వం రేట్ల ప్రకారం ఉంటాయి. రాష్ట్రాలు డీఏ విడుదలలో కేంద్రం కన్నా వెనకబడతాయని ప్రతి ఉద్యోగికీ తెలుసు. ఐఐటీకి వెళితే స్కేలే మారుతుంది. అక్కడ గ్రేడ్ వన్ అసిస్టెంట్ ప్రొఫెసర్ మూల వేతనం 1,01,500తో మొదలవుతుంది. ఒకే దేశం, ఒకే పీహెచ్‌డీ, రెండూ ప్రభుత్వ సొమ్ముతో నడిచే సంస్థలే. అయినా ఇంత తేడా.

సబ్జెక్టును బట్టి మాత్రం మన స్కేళ్లలో తేడా లేదు. అమెరికాలో బిజినెస్, న్యాయశాస్త్రం, కంప్యూటర్ సైన్సు చెప్పేవారి జీతాలు సాహిత్యం, చరిత్ర చెప్పేవారి కన్నా బాగా ఎక్కువ. అక్కడ బయటి మార్కెట్ లోపలి జీతాన్ని లాగుతుంది. మన దగ్గర తెలుగు శాఖ ప్రొఫెసర్‌కూ, కంప్యూటర్ సైన్స్ ప్రొఫెసర్‌కూ ఒకటే మూల వేతనం. దీనివల్ల ఇంజినీరింగ్ శాఖలకు మంచి అభ్యర్థులు దొరకడం కష్టమవుతోందన్న మాట నిజం. అయినా ఈ సమానత్వం మన వ్యవస్థలోని మేలైన గుణాల్లో ఒకటని నేను గట్టిగా నమ్ముతాను. శాసనాలు చదవడం నేర్పేవారు, మాండలికాల మీద పరిశోధన చేయించేవారు మార్కెట్ ధరకు పనిచేయాల్సి వస్తే ఆ శాఖల్లో ఎవరూ మిగలరు. విషాదమేమిటంటే, సబ్జెక్టుల మధ్య ఇంత జాగ్రత్తగా కాపాడుకున్న సమానత్వాన్ని ఒకే శాఖలో పనిచేసే మనుషుల మధ్య పోగొట్టుకున్నాం.

ఇక రెండో రకం బిల్లు చూద్దాం. గెస్ట్ ఫ్యాకల్టీకి పే స్లిప్ ఉండదు, పీరియడ్ల పట్టిక ఉంటుంది. తేదీ, తరగతి, చెప్పిన పాఠం, సంతకం. నెలాఖరున దానిమీద శాఖ హెడ్ సంతకం పెట్టాలి, ప్రిన్సిపాల్ కార్యాలయం పంపాలి, ఆర్థిక విభాగం పాస్ చేయాలి. తరగతి జరిగితేనే డబ్బు. దసరా, సంక్రాంతి సెలవుల్లో, పరీక్షలు నడిచే వారాల్లో ఆ పట్టికలో గళ్లు ఖాళీగా ఉంటాయి. 2019 జనవరిలో యూజీసీ ఈ రేటును పెంచింది. పీరియడ్‌కు 1,500 రూపాయలు, నెలకు 50,000 మించకూడదు. అప్పట్లో దాన్ని పెద్ద మెరుగుదలగా చెప్పుకున్నారు. కానీ లెక్కేయండి. ముప్పై మూడు పీరియడ్లకే 49,500 అయిపోతుంది. అసిస్టెంట్ ప్రొఫెసర్ వారానికి చెప్పాల్సినన్ని, అంటే 16 గంటలు, గెస్ట్ అధ్యాపకుడూ చెబితే నెలకు 64 గంటలు. వాటికి 50,000 ఇస్తే గంటకు 800 కూడా పడదు. సగం తరగతులు ఊరికే చెప్పినట్టు. ఇది యూజీసీ చెప్పిన గరిష్ఠం. అంతకన్నా తక్కువ ఇస్తున్న చోట్లు చాలానే ఉన్నాయి. పైగా ఈ రేటు రూపాయల్లో కట్టింది కనుక డీఏతో పాటు కదలదు. 2019 జనవరికి కేంద్రంలో డీఏ 12 శాతం, 2025 జనవరికి 55. రెగ్యులర్ అధ్యాపకుడికి ధరల పెరుగుదల నుంచి ఆ మేరకు రక్షణ దొరికింది. గెస్ట్ అధ్యాపకుడు కొనే బియ్యం ధర కూడా పెరిగింది, రక్షణ మాత్రం లేదు.

మధ్యలో ఉన్నవారు కాంట్రాక్టు అధ్యాపకులు. ఏడాదికోసారి, కొన్నిచోట్ల సెమిస్టర్‌కోసారి రెన్యువల్. అలా పదేళ్లు, పదిహేనేళ్లు గడిచినవారున్నారు. వీరికి ఇచ్చేది సంస్థను బట్టి మారుతుంది. సాధారణంగా ఏకమొత్తం ఇస్తారు, ఇంక్రిమెంటు ఉండదు, ప్రమోషన్ మాటే లేదు. యూజీసీ 2018 నిబంధనలు దీనిమీద చాలా స్పష్టంగా ఉన్నాయి. తప్పనిసరి అయితేనే కాంట్రాక్టు నియామకాలు చేయాలి, అవి మొత్తం అధ్యాపక పోస్టుల్లో పది శాతం మించకూడదు, వారికిచ్చే మొత్తం రెగ్యులర్ అసిస్టెంట్ ప్రొఫెసర్ స్థూల వేతనం కన్నా తగ్గకూడదు. స్కేళ్ల కోసం యూజీసీ పేరు చెప్పే ప్రభుత్వాలు ఈ మాట దగ్గరికి వచ్చేసరికి చెవిన పెట్టవు. ఈ తేడా ఎంతవరకు పోగలదో గుజరాత్ కేసు బయటపెట్టింది. అక్కడి ప్రభుత్వ ఇంజినీరింగ్ కళాశాలల్లో, పాలిటెక్నిక్‌లలో కాంట్రాక్టు అసిస్టెంట్ ప్రొఫెసర్లకు నెలకు 30,000 ఇచ్చేవారు. అదే పనికి అడ్‌హాక్ వారికి సుమారు 1,16,000, రెగ్యులర్ వారికి సుమారు 1,36,000. 2025 ఆగస్టులో సుప్రీంకోర్టు, కాంట్రాక్టు వారికి అసిస్టెంట్ ప్రొఫెసర్ కనీస స్కేలు ఇవ్వాల్సిందేనని తీర్పు చెప్పింది. మరో పోలిక చూడండి. 2023 నుంచి జూనియర్ రీసెర్చ్ ఫెలోకు నెలకు 37,000 రూపాయలు ఇస్తున్నారు. అంటే పరిశోధక విద్యార్థిగా ఉన్నప్పుడు వచ్చిన దానికన్నా, డాక్టరేట్ పూర్తిచేసి పాఠం చెప్పడం మొదలుపెట్టాక తక్కువ రావచ్చు. ఇది చూసిన తెలివైన పిల్లలు ఈ వృత్తిలోకి ఎందుకు వస్తారు?

ఈ పరిస్థితి ఎలా వచ్చింది? ఇక్కడే నా వాదనలోని ముఖ్యమైన భాగం ఉంది. యూజీసీ స్కేళ్లు నిర్ణయించేది కేంద్రం. రాష్ట్ర విశ్వవిద్యాలయాల్లో ఆ జీతాలు చెల్లించాల్సింది రాష్ట్రం, బ్లాక్ గ్రాంటు రూపంలో. మధ్యలో కేంద్రం కొంతకాలం చేయూతనిస్తుంది. ఆరో వేతన సంఘం స్కేళ్లప్పుడు పెరిగిన భారంలో 80 శాతాన్ని 2010 మార్చి వరకు భరిస్తామంది. ఏడో సంఘం నాటికి అది 50 శాతానికి దిగింది, అదీ 2019 మార్చి 31 వరకే. రెండు తెలుగు రాష్ట్రాలూ ఈ స్కేళ్లను అమలుచేసిందే 2019లో. అంటే అమలు ఊపందుకునేసరికి కేంద్రం వాటా గడువు తీరిపోయింది. ఆ తరువాతి భారమంతా రాష్ట్రానిదే. అప్పుడు ఒక ఆర్థిక శాఖ అధికారి ఏం ఆలోచిస్తాడు? ఉన్నవారి స్కేలు తగ్గించలేడు, కొత్తవారిని తీసుకోకుండా ఆపగలడు. ఒక రెగ్యులర్ పోస్టు నింపితే ముప్పై ఏళ్ల బాధ్యత, దాని స్థానంలో ఇద్దరు గెస్టులను పెడితే ఏ బాధ్యతా లేదు. స్కేలు పెరిగిన ప్రతిసారీ పోస్టును ఖాళీగా ఉంచడంలోని ఆదా కూడా పెరిగింది.

ఫలితం కళ్ల ముందుంది. తెలంగాణ రాష్ట్ర విశ్వవిద్యాలయాల్లో మంజూరైన అధ్యాపక పోస్టుల్లో మూడింట రెండు వంతులకు పైగా ఖాళీ. 2022లో ఉమ్మడి నియామక బోర్డు బిల్లు అసెంబ్లీలో ఆమోదం పొందినా గవర్నర్ దగ్గర ఆగింది. 2025 జనవరిలో యూజీసీ స్కేళ్లు పొందుతున్న అధ్యాపకుల పదవీ విరమణ వయసును 60 నుంచి 65కు పెంచారు. ఉన్న కొద్దిమందీ వెళ్లిపోతే శాఖలు మూతపడే స్థితి కనుక ఆ నిర్ణయం అర్థమవుతుంది. కానీ అది కొత్త నియామకానికి ప్రత్యామ్నాయం కాదు. ఆంధ్రప్రదేశ్‌లో 2023లో మూడు వేలకు పైగా పోస్టులకు నోటిఫికేషన్లు వచ్చాయి, కోర్టు వివాదాల్లో చిక్కి ఆగిపోయాయి. ఆ లోపల తరగతులైతే ఆగలేదు. వాటిని నడిపింది కాంట్రాక్టు, గెస్ట్ అధ్యాపకులే.

దీనికి వచ్చే అభ్యంతరాలను తేలిగ్గా తీసుకోకూడదు. మొదటిది బయట ఎక్కువగా వినిపించేది. వారానికి 14, 16 గంటలు పాఠం చెప్పేవారికి లక్షల జీతమెందుకు, అసలు స్కేలే ఎక్కువ కాదా అంటారు. 14, 16 అన్నవి తరగతి గదిలోని గంటలు మాత్రమే. నిబంధన ప్రకారం వారానికి కనీసం 40 గంటలు పని చేయాలి. పాఠం తయారీ, పీహెచ్‌డీ అధ్యాయాలు దిద్దడం, మూల్యాంకనం, ల్యాబ్ పనులు అందులోనివే. పైగా డిగ్రీ, పీజీ, పీహెచ్‌డీ అయ్యేసరికి ముప్పై దాటుతుంది. బ్యాంకులోనో సాఫ్ట్‌వేర్‌లోనో చేరిన తోటివాళ్లు అప్పటికే ఏడెనిమిదేళ్ల సర్వీసు చేసి ఉంటారు. పైగా ఆరో సంఘం నాటి స్కేళ్లలో పీహెచ్‌డీతో చేరినవారికి అయిదు అదనపు ఇంక్రిమెంట్లు ఉండేవి, 2017 ఉత్తర్వుతో అవీ పోయాయి. పని చేయని రెగ్యులర్ అధ్యాపకులు ఉన్నారు, నిజమే. ఒక్క పరిశోధన పత్రం లేకుండా ఏళ్లు గడిపేవారిని, తరగతికి రానివారిని ఎవరూ సమర్థించలేరు. కానీ దానికి మందు హాజరు, సమీక్ష, క్రమశిక్షణ. పక్క గదిలో కష్టపడుతున్నవారికి సగం కన్నా తక్కువ ఇస్తే పని ఎగ్గొట్టేవారు మారరు.

రెండో అభ్యంతరం ఇంకా బలమైనది. కాంట్రాక్టువారు రెగ్యులర్ నియామక ప్రక్రియలో నెగ్గి వచ్చినవారు కారు, రిజర్వేషన్ రోస్టర్ పాటించకుండా, స్థానిక పలుకుబడితో చేరినవారూ ఉన్నారు, వారికి సమాన జీతమిస్తే బయట ఎదురుచూస్తున్న నెట్, సెట్ అభ్యర్థులకు అన్యాయం కాదా అంటారు. ఇక్కడ రెండు విషయాలు కలిసిపోతున్నాయి, విడదీయాలి. ఉద్యోగం క్రమబద్ధీకరించడం ఒకటి, చేసిన పనికి జీతమివ్వడం మరొకటి. దొడ్డిదారి నియామకాలను క్రమబద్ధీకరించకూడదని 2006లో ఉమాదేవి కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. ఒకే పని చేసే తాత్కాలిక ఉద్యోగులకు కనీస స్కేలు ఇవ్వాలని 2016లో జగ్జీత్ సింగ్ కేసులో అదే కోర్టు చెప్పింది. ఈ రెండు తీర్పుల్లో వైరుధ్యం లేదు. పోస్టును బహిరంగ నోటిఫికేషన్‌తో, రోస్టర్‌తో, పోటీతో నింపండి. నింపేదాకా ఆ పని చేస్తున్నవారికి ఆ పని జీతం ఇవ్వండి. అలా ఇవ్వడం మొదలుపెడితే ఖాళీగా ఉంచడంలో ఆదా ఉండదు, నోటిఫికేషన్ త్వరగా వస్తుంది. బయట ఎదురుచూస్తున్న అభ్యర్థికి దీనివల్ల మేలే జరుగుతుంది.

డబ్బు లేదన్నది మూడోది. రాష్ట్రాల ఆర్థిక ఇబ్బంది నిజమైనదే. కానీ ఖాళీలకూ ఖర్చుంది, అది బడ్జెట్ పద్దుల్లో కనబడదంతే. 2022 నాటి యూజీసీ పీహెచ్‌డీ నిబంధనల ప్రకారం పరిశోధక పర్యవేక్షకులుగా ఉండాల్సింది శాశ్వత అధ్యాపకులే. ప్రొఫెసర్ దగ్గర ఎనిమిది మంది, అసోసియేట్ దగ్గర ఆరుగురు, అసిస్టెంట్ దగ్గర నలుగురు మించకూడదు. ఒక శాఖలో పదిమందికి ఇద్దరే మిగిలితే అక్కడ పీహెచ్‌డీ సీట్లు ఎన్ని ఉంటాయో చెప్పనక్కర్లేదు. జిల్లా యూనివర్సిటీల్లో ఆ సీట్ల కోసం వచ్చేది ఎక్కువగా మొదటి తరం చదువుకున్న ఇళ్ల పిల్లలు. ప్రైవేటు విశ్వవిద్యాలయం ఫీజు కట్టలేనివారు. ఖాళీల ఖర్చు వాళ్లు మోస్తున్నారు. విద్యకు జాతీయాదాయంలో ఆరు శాతం కేటాయించాలని 1966లో కొఠారీ కమిషన్ చెప్పింది, 2020 జాతీయ విద్యా విధానం ఆ ఆరు శాతం మాటనే మళ్లీ చెప్పింది. మధ్యలో యాభై నాలుగేళ్లు గడిచాయి.

ఇప్పుడు ఎనిమిదో వేతన సంఘం పని మొదలైంది. 2025 చివర్లో జస్టిస్ రంజనా ప్రకాశ్ దేశాయ్ అధ్యక్షతన ఏర్పడిన ఆ సంఘానికి పద్దెనిమిది నెలల గడువు ఉంది. గతంలో మెహ్రోత్రా, రస్తోగీ, చడ్డా, చౌహాన్ కమిటీలు వచ్చినట్టే ఈసారీ అధ్యాపకుల జీతాల కోసం విడిగా ఒక సమీక్షా కమిటీ రావడం ఆనవాయితీ. ఆ కమిటీ మళ్లీ కొత్త మూల వేతనం ఎంతన్నదాని చుట్టూనే తిరిగితే ఖాళీల సంఖ్య ఇంకా పెరుగుతుంది. కేంద్ర సహాయాన్ని మూడేళ్ల భారంతో కాక, రాష్ట్రం నింపిన పోస్టులతో ముడిపెట్టాలి. పోస్టు నింపిన నాటి నుంచి కనీసం పదేళ్లు ఆ జీతంలో కేంద్రం వాటా ఉంటుందని, ఖాళీకి మాత్రం పైసా రాదని రాయాలి. గెస్ట్ అధ్యాపకుల రేటును రూపాయల్లో రాయడం మానేసి, అసిస్టెంట్ ప్రొఫెసర్ మూల వేతనం, డీఏల్లో ఇంత భాగమని రాయాలి. నెలకు గరిష్ఠమనే గీత తీసేయాలి. అప్పుడు రెగ్యులర్ అధ్యాపకుడి డీఏ పెరిగిన నెలలోనే అనంతపురంలోని పీరియడ్ల పట్టిక మీది మొత్తమూ పెరుగుతుంది, దానికోసం విడిగా ధర్నా చేయనక్కర్లేదు.